కంప్యూటర్ మీదే... మరి మెయిల్ ఎవరిది?

నిమ్మనపల్లెలో టమాటా పండించే ఓ కుటుంబాన్ని ఊహించుకోండి. ఈసారి మార్కెట్లో నాలుగు రోజులు మంచి ధర పలికింది. పాప ఇంజినీరింగ్‌లో చేరబోతోంది. ఇంకేం... మదనపల్లెకు వెళ్లి కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చారు. పెట్టె విప్పగానే అవ్వ దాని మూతకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. హారతి కూడా అయ్యింది. పాప ఆత్రంగా మూత తెరిచింది. తెర మీద ఏదో పేరు కనిపించింది. అది పాప పేరు కాదు. నాయన పేరూ కాదు. షాపులో ల్యాప్‌టాప్‌ని 'రెడీ' చేసిచ్చిన కుర్రాడిది!

''ఇదేంది నాయనా, వేరేవాళ్ల పేరుంది?''

''ఈ-మెయిల్ ఏదన్నా అని అడిగినాడు పాపా. మాకేం లేదబ్బా అన్నా. పర్లేదులేన్నా, నాదే ఒకటి పెట్టిస్తా అన్నాడు. యాంటీవైరస్సు కూడా ఏసిచ్చినాడు.''

ఈ మాటలు ఆ ఒక్క ఇంట్లోనే కాదు, కొత్త కంప్యూటర్ వచ్చిన చాలా ఇళ్లలో వినిపించేవే. వెయ్యి రూపాయల చెప్పుల జతకి నాలుగు షాపులు తిరుగుతాం. ల్యాప్‌టాప్ రంగు గురించి ఇంటిల్లిపాదీ చర్చిస్తాం. ఈ-మెయిల్, యాంటీవైరస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ''నువ్వే ఏదో ఒకటి పెట్టేయ్ బాబూ'' అంటాం. రెండూ ఉచితమే కదా అని! నిజానికి ఆ రెండింటిలో ఒకటి ఇప్పటికే మీ కంప్యూటర్లో ఉంది, దానికోసం కంగారు పడక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది రెండోదాని విషయంలో. అంటే మెయిల్ దగ్గర.

తాళంచెవి అక్కడుంది!

విండోస్ 11తో వచ్చే కొత్త కంప్యూటర్‌ని మొదటిసారి ఆన్ చేయగానే అది ఇంటర్నెట్ అడుగుతుంది, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. ఖాతా అంటే ఒక ఈ-మెయిల్ చిరునామా, ఒక పాస్‌వర్డ్. అక్కడ ఎవరి మెయిల్ కొడితే వాళ్లే ఆ కంప్యూటర్‌కి యజమాని. బిల్లు ఎవరి పేరున ఉందో దానికి తెలియదు మరి.

ఇందులో ఇబ్బందేంటి అంటారా? చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కులోని సమాచారమంతా దానంతటదే సంకేత భాషలోకి మారిపోయే ఏర్పాటు ఉంటుంది. 2024లో వచ్చిన విండోస్ 11 వెర్షన్ నుంచి ఇది మరిన్ని కంప్యూటర్లకు విస్తరించింది. ఎవరైనా ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్లి, డిస్కు ఊడదీసి మరో దానికి తగిలించినా అందులోని ఫొటోలు, కాగితాలు కనిపించవు. మంచి సదుపాయమే! దీనికో 48 అంకెల తాళంచెవి ఉంటుంది. మామూలు రోజుల్లో దాని అవసరమే రాదు. మదర్‌బోర్డు మార్చినప్పుడో, లోపలి ప్రోగ్రాములో పెద్ద మార్పు జరిగినప్పుడో ఓ నీలిరంగు తెర ప్రత్యక్షమై ఆ 48 అంకెలూ అడుగుతుంది. అవి ఎక్కడుంటాయి? కంప్యూటర్‌ని మొదట ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచారో, ఆ ఖాతాలో!

అంటే పాప ప్రాజెక్టు రిపోర్టులూ, అక్క పెళ్లి ఫొటోలూ ఉన్న డిస్కు తాళంచెవి షాపు కుర్రాడి మెయిల్లో ఉందన్నమాట. రెండేళ్ల తర్వాత అతను ఆ షాపులో ఉంటాడో, బెంగళూరులో ఉంటాడో! ఆ పాస్‌వర్డ్ అతనికే గుర్తుండకపోవచ్చు. ఇలా రోజుకు ఎన్ని ల్యాప్‌టాప్‌లు సిద్ధం చేసి ఉంటాడో... అతన్ని తప్పుపట్టేందుకూ లేదు, పని తొందరగా తెమలాలనే చేశాడు. మైక్రోసాఫ్ట్‌ని అడిగినా లాభం లేదు. పోయిన తాళంచెవిని మళ్లీ తయారుచేసి ఇవ్వడం తమ సిబ్బందికి కూడా సాధ్యం కాదని ఆ సంస్థ స్పష్టంగానే చెబుతోంది.

కాబట్టి ఇలా వేరేవాళ్ల పేరుతో కంప్యూటర్ ఇంటికొస్తే మొహమాటపడకండి. అందులో మీ సమాచారం ఏమీ లేని మొదటి రోజే మంచి ముహూర్తం. సెట్టింగ్స్‌లో 'రీసెట్ దిస్ పీసీ' ఎంచుకుని, మొత్తం తుడిచేసి, మీ సొంత మెయిల్‌తో మళ్లీ మొదలుపెట్టండి. గంటో రెండు గంటలో పడుతుంది. తర్వాత మైక్రోసాఫ్ట్ ఖాతా వెబ్‌సైట్‌లోకి వెళ్లి 'డివైసెస్' అనే భాగంలో మీ ల్యాప్‌టాప్ పేరు, దాని రికవరీ కీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఉంటే ఆ 48 అంకెల్నీ ఓ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని ల్యాప్‌టాప్ సంచిలోనే పెట్టేవారూ ఉంటారు... ఇంటి తాళంచెవిని గడప మీదే వదిలి ఊరెళ్లినట్టు!

పరాయి చేతుల అలవాటు

ఈ ప్రాంతానికి కంప్యూటర్ మరీ కొత్తదేం కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' ప్రాజెక్టు మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. కొందరు మహిళలకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో పనిచేసే ప్రింటర్లు ఇస్తే, వాళ్లు ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసిచ్చి నాలుగు రూపాయలు సంపాదించారు. తర్వాత 2011 నవంబరులో 'మీ సేవ' తొలి అడుగు వేసింది కూడా చిత్తూరు జిల్లాలోనే. కుల ధ్రువీకరణ పత్రం, అడంగల్... ఏది కావాలన్నా కేంద్రానికి వెళ్లడం, అక్కడివాళ్లు టైపు చేసిస్తే తెచ్చుకోవడం అలవాటైపోయింది.

ఆ కేంద్రాలు చేసిన మేలు తక్కువేం కాదు. కానీ దాంతోపాటే ఇంకో అలవాటూ వచ్చింది. దరఖాస్తులో ఈ-మెయిల్ గడి దగ్గర నెట్ సెంటర్ వాళ్ల మెయిల్ పెట్టించుకోవడం! అప్పటికి పని జరిగిపోతుంది. ఆర్నెల్ల తర్వాత పాస్‌వర్డ్ మరిచిపోతే, కౌన్సెలింగ్ కబురు మెయిల్‌కి వస్తే, ఆ సెంటర్ తలుపు తెరిచి ఉందో లేదో చూసుకోవాల్సిందే. అందుకే జేఈఈ మెయిన్ నిర్వహించే ఎన్‌టీఏ, అభ్యర్థులు తమదిగానీ తల్లిదండ్రులదిగానీ అయిన మెయిల్, మొబైల్ నంబరే ఇవ్వాలని సమాచార పత్రంలో ప్రత్యేకంగా చెబుతుంది. బ్యాంకు, పాస్‌పోర్టు, స్కాలర్‌షిప్, రేపటి ఉద్యోగం... అన్నింటి పాస్‌వర్డులూ చివరికి మారేది ఆ మెయిల్ ద్వారానే. అది చేజారితే మిగిలినవన్నీ వరుసగా చేజారతాయి.

రెండు ఎంబీల రోజులు

మెయిల్‌కి డబ్బులెందుకు తీసుకోరు అన్నది అవ్వకి వచ్చిన సందేహం. ''ఊరికే ఎవురిస్తారబ్బా?'' అని. మంచి ప్రశ్నే!

బెంగళూరులో చదువుకున్న సబీర్ భాటియా తన మిత్రుడు జాక్ స్మిత్‌తో కలిసి 1996 జులై 4న అమెరికాలో హాట్‌మెయిల్ ప్రారంభించాడు. అప్పటిదాకా మెయిల్ అంటే ఆఫీసుదో, కాలేజీదో, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీదో. ఎక్కడ కూర్చున్నా, ఎవరి కంప్యూటర్‌లోనైనా ఉచితంగా తెరుచుకునే మెయిల్ అనేసరికి జనం ఎగబడ్డారు. హాట్‌మెయిల్ నుంచి వెళ్లే ప్రతి ఉత్తరం చివరా 'మీరూ ఒకటి తీసుకోండి' అనే ఆహ్వానం అదే వెళ్లేది. ఏడాదిన్నర తిరక్కుండానే, 1997 డిసెంబరులో, మైక్రోసాఫ్ట్ దాన్ని దాదాపు 40 కోట్ల డాలర్లకు కొనేసింది. ఇప్పుడదే అవుట్‌లుక్ డాట్ కామ్. మన దేశంలో రెడిఫ్‌మెయిల్, యాహూ మెయిల్ అప్పట్లో నెట్ సెంటర్ల నిండా ఉండేవి. స్థలం మాత్రం అగ్గిపెట్టెంతే. హాట్‌మెయిల్ 2 ఎంబీ ఇస్తే, యాహూ 4 ఎంబీ. పెళ్లి ఫొటోలు నాలుగు వస్తే పెట్టె నిండిపోయేది!

2004 ఏప్రిల్ 1న గూగుల్ 'ఒక జీబీ ఇస్తాం' అంటూ జీమెయిల్ తెచ్చినప్పుడు చాలామంది ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకున్నారు. నిజమేనని తేలాక అసలు విషయం బయటపడింది. మెయిల్‌లోని పదాల్ని యంత్రాలు చదివి దానికి తగిన ప్రకటన పక్కన చూపించేవి. దానిపై ఏళ్ల తరబడి విమర్శలొచ్చాయి. ప్రకటనల కోసం ఉత్తరాల్ని చదవడం ఆపేస్తున్నట్టు గూగుల్ 2017లో ప్రకటించింది. ప్రకటనలు ఆగలేదనుకోండి. మన గురించి తెలుసుకోవడానికి ఆ సంస్థకి వేరే దారులు చాలా ఉన్నాయి మరి. అవ్వ ప్రశ్నకి జవాబు అదే. ఊరికే ఎవరూ ఇవ్వరు.

ఏది తీసుకోవాలి?

ఫోను ఆండ్రాయిడ్ అయితే చాలామందికి జీమెయిల్ ఇప్పటికే ఉంటుంది, తెలిసినా తెలియకపోయినా! ఫోను కొన్నప్పుడు ఎవరో పెట్టిచ్చి ఉంటారు. ముందు దాని సంగతి తేల్చండి. పాస్‌వర్డ్ మీకు తెలుసా? తెలిస్తే దాన్నే ఉంచుకుని, కంప్యూటర్ మైక్రోసాఫ్ట్ ఖాతాకీ అదే చిరునామా వాడుకోవచ్చు. కొత్తగా అవుట్‌లుక్ మెయిలే కావాలని నియమం లేదు. ఉచిత సేవల్లో ఈ రెండింటికీ మెయిల్ స్థలం 15 జీబీ చొప్పున ఉంది. జీమెయిల్ దాన్ని గూగుల్ ఫొటోలతో, డ్రైవ్‌తో కలిపి లెక్కేస్తుంది. ఫోనులో వీడియోలు ఎడాపెడా దాచేస్తే మెయిల్‌కి చోటు మిగలదు. అప్పుడు కాలేజీ నుంచి వచ్చే ఉత్తరం కూడా వెనక్కి వెళ్లిపోతుంది.

ప్రకటనలు వద్దనుకునేవారికి జోహో మెయిల్ ఉంది. తమిళనాడు కేంద్రంగా ఉంటూ, తెన్‌కాశి దగ్గరి పల్లెలో కూడా ఆఫీసు నడిపే మన దేశీ సంస్థ అది. ఆదాయం ప్రధానంగా వ్యాపారాలకు అమ్మే సాఫ్ట్‌వేర్ మీద. గోప్యతే ముఖ్యమంటే స్విట్జర్లాండ్‌కి చెందిన ప్రోటాన్ మెయిల్, 2014లో మొదలైంది. ఉచితంగా ఇచ్చే చోటు తక్కువ. రాత్రింబవళ్లు ఆలోచించాల్సినంత తేడా మామూలు కుటుంబానికి వీటి మధ్య లేదు. వాడకూడనిది ఒకటుంది... కాలేజీవాళ్లు ఇచ్చే మెయిల్‌ని సొంత చిరునామాగా అన్నింటికీ ఇచ్చేయడం. చదువు అయిపోయాక అది ఎప్పుడు మూతపడుతుందో వాళ్లిష్టం. ఆఫీసు మెయిల్‌దీ అదే కథ.

పేరు పెట్టేటప్పుడు కాస్త ముందుచూపు అవసరం. అభిమాన హీరో పేరు, దాని పక్కన 'ఫ్యాన్', ఆ పక్కన నాలుగు తొమ్మిదులు... ఇంటర్‌లో సరదాగానే ఉంటుంది. ఇరవయ్యయిదేళ్లప్పుడు రెజ్యూమెలో రాయాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది బాధ! సొంత పేరు, ఇంటి పేరు చాలు. పుట్టిన సంవత్సరం తగిలించకపోతే మేలు.

అన్నింటికన్నా ముఖ్యమైంది, ఎవరూ పట్టించుకోనిది ఏంటంటే... రికవరీ నంబరు. పాస్‌వర్డ్ మరిచిపోతే కోడ్ వెళ్లేది ఆ నంబరుకే. మన ఇళ్లలో సిమ్ములు మారినంత తేలిగ్గా మరేదీ మారదు. ఆఫరు బాగుందని కొత్తది తీసుకుంటాం, పాతది రీఛార్జి చేయక రద్దవుతుంది. టెలికాం నిబంధనల ప్రకారం రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదు. ఆ తర్వాత ఇవ్వొచ్చు. అంటే మీ మెయిల్ కోడ్ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోనులో మోగొచ్చు! నంబరు మార్చిన రోజే మెయిల్‌లోనూ మార్చేయాలి. పాప మెయిల్‌కి నాయన నంబరు కూడా రెండో దారిగా పెడితే ఇంకా మంచిది.

రెండంచెల తనిఖీ పెట్టుకుంటే పాస్‌వర్డ్ తెలిసినవాడు కూడా ఫోను లేకుండా లోపలికి రాలేడు. జీమెయిల్ అయితే అత్యవసరానికి పది కోడ్‌లు ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటినీ ఆ 48 అంకెల కాగితం మీదే రాసి, పట్టాదారు పాసుపుస్తకం పక్కన బీరువాలో పెట్టేయొచ్చు. రెండేళ్లపాటు అసలు తెరవని ఖాతాల్ని తొలగించే పద్ధతిని గూగుల్ 2023 డిసెంబరులో అమల్లోకి తెచ్చిందని కూడా గుర్తుంచుకోండి. అబ్బాయి గల్ఫ్‌లో ఉన్నప్పుడు పంపిన ఫొటోలు పాత మెయిల్లో పడి ఉంటే, ఓసారి తెరిచి రండి.

ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడేవారికి యాహూ సంగతి చెప్పాలి. 2013లో జరిగిన చోరీలో మొత్తం 300 కోట్ల ఖాతాల వివరాలూ బయటికి పోయాయి. ఆ అంకె పూర్తిగా తేలింది నాలుగేళ్ల తర్వాత, 2017లో! అన్నాళ్లూ చాలామందికి తమ వివరాలు పోయిన విషయమే తెలీదు. మెయిల్ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకూడదనేది అందుకే.

ఇక... యాంటీవైరస్సు

''యాంటీవైరస్ లేకుండా ల్యాప్‌టాప్ తీసుకుపోతావాన్నా, వారానికే పాడైపోతాది'' అన్న మాటకి జంకనివారు తక్కువ. ఆ భయం ఉత్తిదేం కాదు, కాకపోతే పాతది. పర్సనల్ కంప్యూటర్లలో తొలి వైరస్సుగా చెప్పే 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో పుట్టింది. ఇద్దరు అన్నదమ్ములు తమ సాఫ్ట్‌వేర్ దొంగ కాపీల మీద కోపంతో రాశారట. అందులో తమ షాపు చిరునామా, ఫోను నంబరు కూడా పెట్టారు! 2000 మే నెలలో 'ఐ లవ్ యూ' అన్న శీర్షికతో మెయిల్ వచ్చి, ప్రేమలేఖ అనుకుని తెరిచినవారి కంప్యూటర్లను కుదేలు చేసింది. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌ల కాలం. నెట్ సెంటర్లో తగిలించి ఇంటికి తెస్తే చాలు, దానంతటదే వైరస్సు పాకేది. పెన్‌డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రాము నడిచే ఆ ఏర్పాటుని మైక్రోసాఫ్ట్ 2011లో పాత విండోస్‌లలోనూ కట్టేసింది. అప్పట్లో కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీల్లోంచి ఏవీజీ, అవాస్ట్ ఎక్కించుకోవడం ప్రతి ఇంటా మామూలే.

ఇప్పుడు? విండోస్ 8 వచ్చిన 2012 నుంచీ యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంటోంది. దానిపేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్. డబ్బు కట్టక్కర్లేదు, డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. మొదట్లో ఇదేమంత గట్టిది కాదు. మైక్రోసాఫ్ట్ అప్పట్లో విండోస్ 7కి ఉచితంగా ఇచ్చిన యాంటీవైరస్ 2012లో జర్మనీకి చెందిన ఏవీ-టెస్ట్ ప్రయోగశాల సర్టిఫికెట్‌ని పోగొట్టుకుంది కూడా. షాపులవాళ్లు 'విండోస్‌లో ఉండేది దండగ' అనడానికి మూలం అదే. తర్వాత అది చాలా మెరుగుపడింది. కొన్నేళ్లుగా అదే ప్రయోగశాల పరీక్షల్లో డబ్బులిచ్చి కొనేవాటితో సమానంగా మార్కులు తెచ్చుకుంటోంది. 'విండోస్ సెక్యూరిటీ' తెరిచి చూడండి. అన్నింటి పక్కనా ఆకుపచ్చ టిక్కు ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.

వేరే ఉచిత యాంటీవైరస్ తీసుకుంటే తప్పా? తప్పు కాదు, కానీ అవ్వ ప్రశ్న మళ్లీ వేసుకోవాలి. అవాస్ట్ కథ వినండి. వినియోగదారులు ఏయే వెబ్‌సైట్లు చూశారో సేకరించి, జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా వందకు పైగా సంస్థలకు అమ్మిందని బయటపడింది. 2020లో జంప్‌షాట్‌ను మూసేశారు. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టించి, ఇకపై ప్రకటనల కోసం అలాంటి వివరాలు అమ్మకూడదని ఆదేశించింది. దొంగల నుంచి కాపాడతానని వచ్చిన కాపలాదారే ఇంట్లో సంగతులు అంగట్లో పెడితే ఎలా ఉంటుంది! ఏవీజీని కూడా 2016లో కొన్నది అవాస్టే. ఇవి రెండూ, అవీరా, నార్టన్... ఇప్పుడు ఒకే గొడుగు కింద ఉన్నాయి. నాలుగు పేర్లు చూసి నాలుగు కంపెనీలనుకుంటాం.

డబ్బులు పెట్టి కొనాలనుకుంటే మన దేశంలోనే రెండు పాత సంస్థలున్నాయి. పుణెలో క్యాలిక్యులేటర్లు బాగుచేసుకునే కైలాశ్ కాట్కర్, తమ్ముడు సంజయ్‌తో కలిసి నిలబెట్టింది క్విక్ హీల్. చెన్నైలో కేశవర్ధనన్ 1991లో మొదలుపెట్టింది కె7. ఖాతా పుస్తకాలన్నీ కంప్యూటర్లోనే పెట్టుకునే మండీ వ్యాపారులు, నలుగురు చేతులు పెట్టే ఆఫీసు కంప్యూటర్లకు వీటివల్ల ప్రయోజనం ఉండొచ్చు. ఫోను చేస్తే తెలుగులో పలికే మనిషి దొరికితే అదీ విలువే. చదువుకునే పాప ల్యాప్‌టాప్‌కి మాత్రం తప్పనిసరి కాదు. అనుమానం వస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో ప్రారంభించిన 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర' వెబ్‌సైట్లో ఈ సంస్థలు తయారుచేసిన తనిఖీ పరికరాలు ఉచితంగానే దొరుకుతాయి.

కొత్త ల్యాప్‌టాప్‌తో కొన్నాళ్ల పాటు ఉచితమంటూ ఏదో ఒక యాంటీవైరస్ వస్తుంది. గడువయ్యాక 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది' అంటూ ఎర్రక్షరాలతో బెదిరిస్తుంటుంది. కొనే ఉద్దేశం లేకపోతే దాన్ని పూర్తిగా తీసేయండి. అది పనిలో ఉన్నంతసేపూ డిఫెండర్ పక్కకు తప్పుకుని ఉంటుంది. తీసేశాక మళ్లీ పనిలోకి వస్తుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి పెడితే రెట్టింపు రక్షణ అనుకోవద్దు. ఒకదాన్నొకటి అనుమానిస్తూ కంప్యూటర్‌ని నత్తలా మారుస్తాయి.

ఆ శుక్రవారం ఏం జరిగింది?

యాంటీవైరస్ కన్నా ముఖ్యమైనది ఇంకొకటుందని ఈ ప్రాంతవాసులకి తెలిసొచ్చిన సందర్భం ఒకటుంది. 2017 మే 12, శుక్రవారం. 'వనాక్రై' అనే ప్రోగ్రాము ప్రపంచం మీద పడింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కడితేనే తీస్తామంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. మన దగ్గర చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు యూనిట్లలో కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. తిరుపతిలో తితిదే పరిపాలన విభాగంలోని కొన్ని పాత కంప్యూటర్లకీ తగిలింది.

విచిత్రమేంటంటే, అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చింది. ఉచితంగానే! వేసుకున్నవాళ్లకి ఏమీ కాలేదు. 'తర్వాత గుర్తుచేయి' అని నొక్కినవాళ్లు, అప్‌డేట్లే రాని పాత విండోస్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు బలయ్యారు.

మన ఇళ్లలో అప్‌డేట్ అంటే డేటా ఖర్చు, పని మధ్యలో ఆగిపోవడం. అందుకే దాన్ని ఆపేయించుకోవడమే తెలివి అనుకుంటాం. కొందరు మెకానిక్‌లు అడక్కుండానే ఆపేసి ఇస్తారు, ''స్పీడుగా ఉంటుంది'' అని. కొత్త కంప్యూటర్లో అది ఆన్‌లో ఉందో లేదో తప్పక చూసుకోండి. దొంగ విండోస్ ఎక్కించిన సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ల సంగతి వేరే చెప్పాలా! తాళం పగలగొట్టే ప్రోగ్రాము నడవాలంటే ముందు యాంటీవైరస్‌ని ఆపమంటుంది. అక్కడే తెలియడం లేదూ?

ఇంట్లో విండోస్ 10 పాత డెస్క్‌టాప్ ఉంటే, దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. యాంటీవైరస్ ఎంత మంచిదైనా ఆ లోటు తీర్చలేదు. బ్యాంకు పనులు దాంట్లో పెట్టుకోకుండా, విండోస్ 11కి మారే వీలుందో లేదో చూసుకోవడం, లేకపోతే ఉబుంటు లాంటి ఉచిత లినక్స్ ఎక్కించుకోవడం... దారులివి. లినక్స్ అంటే భయపడేవారు కాలేజీలో చదివే పిల్లల్నడిగితే సంతోషంగా ఎక్కించిస్తారు.

ఒకటి మాత్రం ఏ యాంటీవైరస్సూ కచ్చితంగా ఆపలేదు. వాట్సప్‌లో 'పీఎం కిసాన్', 'చలానా' అంటూ వచ్చే ఏపీకే ఫైలుని మనమే నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేయడం. కంప్యూటర్లో అయితే తెరంతా ఎర్రగా మారి, పెద్ద చప్పుడుతో 'వైరస్ వచ్చింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి' అంటుంది. మైక్రోసాఫ్ట్ అలా ఎవరికీ నంబరు చూపించదు. బ్రౌజర్ మూసేయండి, మూతపడకపోతే పవర్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకోండి. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ముఖ్యమైన ఫైళ్లని నెలకోసారి వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని ఊడదీసి పక్కన పెట్టుకుంటే వనాక్రై లాంటివి వచ్చినా బతికిపోతాం. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది.

సరే, నిమ్మనపల్లె ఇంట్లో ఏమైంది? పాప పట్టుబట్టింది. ఆ ఆదివారమే ల్యాప్‌టాప్ మొత్తం తుడిచేసింది. మెయిల్ కొత్తగా తెరిచి, సొంత పేరుతో మొదలుపెట్టింది. నాయన నంబరు రెండో దారిగా ఇచ్చింది. షాపతను వేసిన యాంటీవైరస్ తుడిచేయడంతో పాటే పోయింది, విండోస్ సెక్యూరిటీలో టిక్కులన్నీ పచ్చగా ఉన్నాయి. 48 అంకెల కాగితం బీరువాలోకి చేరింది. తెర మీద తన పేరు కనిపించగానే అవ్వను పిలిచి చూపించింది.

అవ్వ కళ్లద్దాలు సవరించుకుని తేరిపార చూసింది.

''మొన్న పెట్టిన బొట్టు ఆ షాపోని పేరుకు పెట్టినట్టేనా? అయితే ఆగు, కుంకుమ భరిణె తెస్తా.''